అమెరికా వెళ్ళొచ్చాక నోరొచ్చిందట!

మొన్న సంక్రాంతికి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. అరిసెల కబుర్లు, పిల్లల కబుర్లు అన్నీ అయ్యాక గొంతు కాస్త తగ్గించి, "అక్కా, నీ గురించి ఒక మాట విన్నాను. అమెరికా వెళ్ళొచ్చాక నీకు నోరొచ్చిందంట గదా!" అంది. అది నవ్వుతూనే అంది, నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక మాత్రం చాలాసేపు ఆ మాటే చెవుల్లో తిరిగింది. ఇన్నాళ్ళూ నాకు లేనిది నోరేనా?

నిజం చెప్పాలంటే లేదు. పెళ్ళయి ఒంగోలు వచ్చి ఇరవై ఆరేళ్ళు. మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ చుట్టాలందరికీ నా గురించి ఒకటే చెప్పేవారు, "మా కోడలికి నోట్లో నాలుక లేదు" అని. అంతకంటే పెద్ద మెప్పు ఉండదనుకుని మురిసిపోయేదాన్ని. శర్మ కాలేజీలో బి.ఏ. తెలుగు చదివాను. ప్రబంధాల్లో నాయికలు ఎంత చక్కగా మాట్లాడతారో పరీక్షల్లో పేజీలకు పేజీలు రాశాను. ఇంట్లో మాత్రం, సోఫా కవరు ఏ రంగు కొందామని అడిగినా "మీ ఇష్టం" అనే మనిషిని. మీలో చాలామందికి ఈ "మీ ఇష్టం" బాగానే తెలుసుననుకుంటాను.

కిందటి మేలో మా అమ్మాయి ఎం.ఎస్. పూర్తయింది. అది చదివింది న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో ఊళ్ళో. పట్టా పుచ్చుకునే రోజుకి మమ్మల్నిద్దర్నీ రమ్మంది. ప్రయాణానికి ఇంకా రెండు వారాలుందనగా మా అన్నయ్య ఒంగోలు వచ్చాడు. చేతిలో ఒక కాగితాల కవరు ఉంది. అందులో ఉన్నది హక్కు విడుదల దస్తావేజు.

మా నాన్న పోయి అప్పటికి ఏడాదిన్నర. పర్చూరు వైపు ఆయన కష్టపడి కొనుక్కున్న మూడెకరాల నల్లరేగడి ఉంది. ఒక ఏడు మిరప, ఒక ఏడు శనగ, ఒక్కోసారి పత్తి. వీలునామా రాయలేదు. వాటాలేమీ లేవని అమ్మా, నేనూ సంతకాలు పెడితే పొలం మొత్తం అన్నయ్య పేరు మీదకి మారుతుంది. "నీ పెళ్ళికి ఇవ్వాల్సింది ఇచ్చారు కదమ్మా, ఇది ఊరికే ఫార్మాలిటీ" అన్నాడు. అన్నయ్య చెడ్డవాడు కాదు. అమ్మని చూసుకుంటున్నది వాడే. మిరపకి రేటు పడిపోయిన ఏడు అప్పులు నెత్తిన వేసుకున్నదీ వాడే. అందుకే పెన్ను తీశాను కూడా. అంతలో కుక్కరు కూత పెట్టింది. లేచి వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి, ఎందుకో తెలియదు, "అమెరికా నుంచి వచ్చాక పెడతా అన్నయ్యా" అన్నాను. మావారు తర్వాత, "ఎందుకు నాన్చడం, పెట్టేస్తే పోయేదిగా" అన్నారు. ఆయనకి గొడవలంటే పడదు. నాకూ పడదు.

సరే, వెళ్ళాం. నయాగరా చూశాం. నీలంరంగు రెయిన్‌కోట్లు వేసుకుని పడవ ఎక్కి తడిసి ముద్దయ్యాం. ఫోటోలు మీరంతా చూశారు, ఇక దాని గురించి చెప్పను. సెలవు లేక మావారు పది రోజులకే వెనక్కి వచ్చేశారు. నేను ఇంకో నెల ఉన్నాను. ఒక శనివారం మా అమ్మాయి, "అమ్మా, సెనెకా ఫాల్స్ వెళ్దాం" అంది. ఇంకో జలపాతం కాబోలు, ఈసారి గొడుగు కూడా పట్టుకెళ్దాం అనుకున్నాను. తీరా వెళ్తే అక్కడ జలపాతమే లేదు! ఎప్పుడో వందేళ్ళ కిందట కాలువ కట్టినప్పుడు మునిగిపోయిందట. మిగిలింది ఊరు పేరు మాత్రమే. చిన్న ఊరు. మన చీరాలలో సగం కూడా ఉండదు. నీళ్ళు చూడ్డానికి తీసుకెళ్ళలేదని, ఒక చర్చి చూపించడానికి తీసుకెళ్ళిందని అప్పుడు అర్థమయింది.

ఇటుకల గోడలు, ఏ అలంకారం లేని బల్లలు. వెస్లియన్ చాపెల్ అంటారు దాన్ని. 1848 జులై 19, 20 తేదీల్లో ఆడవాళ్ళ హక్కుల కోసం అమెరికాలో మొట్టమొదటి సభ జరిగింది అక్కడే. మధ్యలో ఆ కట్టడాన్ని రకరకాల పనులకి వాడేశారు. ఒకప్పుడు కార్ల షెడ్డు, ఒకప్పుడు బట్టలుతికే లాండ్రీ. ఇప్పుడు ప్రభుత్వమే జాగ్రత్తగా కాపాడుతోంది. వెడల్పాటి టోపీ పెట్టుకున్న పార్కు ఉద్యోగి ఒకాయన ఆ కథంతా చెప్పాడు. మా అమ్మాయి నాకు చెవిలో తెలుగులో చెబుతూ వచ్చింది. ఆ కథ మీకూ చెప్పాలి. ఎందుకంటే అది సెనెకా ఫాల్స్‌లో మొదలు కాలేదు, పరాయి దేశంలో మొదలయింది.

ఎలిజబెత్ కేడీ స్టాంటన్ అని ఒకావిడ. 1840లో పెళ్ళయింది. పెళ్ళి ప్రమాణాల్లో "భర్తకు విధేయురాలినై ఉంటాను" అనే మాట తీసేయమని పట్టుబట్టిందట. కొత్త జంట పెళ్ళవగానే లండన్ వెళ్ళారు. అక్కడ బానిసత్వానికి వ్యతిరేకంగా ప్రపంచ మహాసభ. అమెరికా నుంచి కొందరు ఆడవాళ్ళు కూడా ప్రతినిధులుగా వచ్చారు. వాళ్ళలో లుక్రీషియా మాట్ అనే ఆవిడ సభల్లో నిలబడి ధైర్యంగా మాట్లాడే మనిషిగా అప్పటికే పేరు పడ్డ స్త్రీ. కానీ సభ మొదటిరోజే మగవాళ్ళంతా గంటల తరబడి వాదించుకుని, ఆడవాళ్ళు ప్రతినిధులుగా కూర్చోవడానికి వీల్లేదని తేల్చారు. విడిగా ఒక పక్కన కూర్చుని వినాలి తప్ప మాట్లాడకూడదు. మనుషుల్ని కొనడం, అమ్మడం తప్పని చెప్పడానికి పెట్టిన సభలో ఆడమనిషి నోరు విప్పకూడదు! ఆలస్యంగా వచ్చిన విలియం లాయిడ్ గారిసన్ అనే పెద్దమనిషి సంగతి తెలిసి, తనూ ఆ ఆడవాళ్ళ పక్కనే వెళ్ళి కూర్చున్నాడట.

ఆ లండన్‌లోనే ఎలిజబెత్‌కి, లుక్రీషియాకి స్నేహం కుదిరింది. ఎలిజబెత్‌కి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు, లుక్రీషియాకి నలభై ఏడు. నేను మా అమ్మాయి వైపు చూశాను. అది నా వైపు చూసింది. దానికి ఇరవై నాలుగు, నాకు నలభై ఏడు. ఇద్దరం ఏమీ అనలేదు.

ఆ ఇద్దరూ మన దేశం వెళ్ళాక ఆడవాళ్ళ కోసం ఒక సభ పెట్టాలని అనుకున్నారు. అనుకున్నది జరగడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. ఎందుకు పట్టిందో మనకి వేరే చెప్పక్కర్లేదు. పిల్లలు, కాన్పులు, ఇల్లు మారడం, జ్వరాలు, వంటలు. ఎలిజబెత్ మొత్తం ఏడుగురు పిల్లల తల్లి అయింది. సెనెకా ఫాల్స్ లాంటి చిన్న ఊళ్ళో ఇల్లు నడుపుకుంటూ విసిగిపోయి ఉన్న రోజుల్లో లుక్రీషియా పక్క ఊరికి వచ్చింది. ఒక ఇంట్లో అయిదుగురు ఆడవాళ్ళు టీ బల్ల చుట్టూ కూర్చుని, మాట మీద మాట వచ్చి, ఇంక ఆగేది లేదని పేపర్లో ప్రకటన ఇచ్చారు. పది రోజులు తిరక్కుండానే సభ జరిగింది. దాదాపు మూడు వందల మంది వచ్చారు. నూరుమంది సంతకాలు పెట్టారు, అరవై ఎనిమిది మంది ఆడవాళ్ళు, ముప్పై ఇద్దరు మగవాళ్ళు.

నాకు బాగా నచ్చిన సంగతులు రెండు. ఆడవాళ్ళ సభకి ఆడమనిషి అధ్యక్షత వహించడమా అని వాళ్ళే జంకి, లుక్రీషియా భర్తని ఆ కుర్చీలో కూర్చోబెట్టారట. ఓటు హక్కు కావాలని ఎలిజబెత్ రాస్తే, అంత ధైర్యంగల లుక్రీషియా కూడా ముందు వెనకాడిందట. ఫ్రెడరిక్ డగ్లస్ అనే నల్లజాతి నాయకుడు లేచి బలపరిస్తే గాని ఆ తీర్మానం నెగ్గలేదు. నోరున్న వాళ్ళకి భయం ఉండదనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. ఉంటుందట.

ఇక్కడిదాకా విన్నది చరిత్ర. నా కథ ఆ తర్వాత మొదలయింది.

ఆయన చెప్పడం ముగించి "ఏమైనా అడుగుతారా" అన్నాడు. మా ముందు బల్ల మీద ఒక పెద్దావిడ ఉంది. నల్లజాతి స్త్రీ, డెబ్బై దాటి ఉంటాయి. ఊదారంగు స్వెట్టరు, చేతికర్ర. కూర్చునే చెయ్యి ఎత్తి, అందరికీ వినపడేలా అడిగింది, "ఈ సభకి వచ్చిన వాళ్ళలో నల్లజాతి ఆడవాళ్ళు ఎంతమంది?" అని. వచ్చినట్టు ఎక్కడా దాఖలా లేదని ఆయన ఒప్పుకున్నాడు. "అయితే అది మేం అడక్కముందే చెప్పాలి కదా" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. కోపమూ లేదు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆయన టోపీ సర్దుకుని, "నిజమే, ఇకమీదట చెబుతాను" అన్నాడు. అంతే, భూమి బద్దలవలేదు. ఎవరూ ఎవర్నీ తిట్టుకోలేదు.

నాకు ఆశ్చర్యం వేసింది. మా ఇంట్లో ఎవరైనా ఆడమనిషి నలుగురిలో అలా అడిగితే ఆ సాయంత్రానికి అది ఊరంతా తిరిగే కబురవుతుంది.

బయట కాలువ గట్టున బెంచీ మీద ఆవిడ కూర్చుని ఉంది. నా చీర చూసి పలకరించింది. ఏ ఊరు, ఇదంతా చూస్తే మీకేమనిపించింది అని అడిగింది. నా ఇంగ్లీషు సంగతి తెలిసిన మా అమ్మాయి వెంటనే అందుకుని గడగడా చెప్పడం మొదలుపెట్టింది. మాది ఇండియా అని, అమ్మ హౌస్‌వైఫ్ అని, అమ్మకి చాలా నచ్చిందని. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి మెల్లగా అంది, "నేను ఆవిణ్ణి అడిగాను."

ఒక్క వాక్యం. మా అమ్మాయి నాలిక్కరుచుకుంది. నాకు చెమటలు పట్టాయి. తప్పించుకునే దారి లేదు. మాట్లాడాలి.

నాకొచ్చిన ముక్కల ఇంగ్లీషులో మొదలుపెట్టాను. మా వైపు కూడా ఇలాంటి ఆడవాళ్ళు ఉన్నారని, మా పక్క జిల్లా నెల్లూరులో దూబగుంట అనే చిన్న పల్లె ఉందని చెప్పాను. 1992లో నేను స్కూల్లో ఉన్నాను. రోసమ్మగారి పేరు అప్పుడు మా ఇంట్లో రోజూ వినపడేది. కూలి డబ్బులన్నీ సారా కొట్టుకి పోతుంటే, రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు అందరూ ఒకటై ఊళ్ళో సారా కొట్టు మూయించారు. వాళ్ళు చేసిన పని చదువుల పుస్తకంలో పాఠమై మిగతా పల్లెలకి పాకింది. సారా వేలంపాటలు జరగనివ్వకుండా ఆడవాళ్ళు అడ్డం కూర్చున్నారు. చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆపేశారు. తర్వాత 1995లో పూర్తి మద్యనిషేధమే వచ్చింది. అది రెండేళ్ళకే ఎత్తేశారనుకోండి, అది వేరే సంగతి. సంతకం పెట్టడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న ఆడవాళ్ళు ప్రభుత్వానికి కోట్లు తెచ్చిపెట్టే వ్యాపారాన్ని ఆపించారన్నది మాత్రం చెరిగిపోయేది కాదు.

ఇదంతా ఆవిడకి ఎంత అర్థమయిందో తెలియదు. మధ్యలో మాట దొరక్కపోతే మా అమ్మాయి వైపు చూసేదాన్ని. అది కావాలనే కాలువ వైపు చూసేది, గడుసుది! ఆవిడ మాత్రం ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. చివరికి, "ఆవిడ పేరు ఇంకోసారి చెప్పండి" అంది. రోసమ్మ, అన్నాను. "రో... సమ్మా" అని రెండుసార్లు పలికి చూసుకుంది. వెళ్ళేటప్పుడు, "మీరు బాగా చెప్పారు. మీ అమ్మాయి చెప్పి ఉంటే నాకు రోసమ్మ తెలిసేది కాదు" అంది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో నేనేమీ మాట్లాడలేదు. నా జీవితంలో ఎన్ని ప్రశ్నలకి నా బదులు వేరేవాళ్ళు జవాబు చెప్పారో లెక్క వేసుకుంటున్నాను. పెళ్ళిచూపుల్లో నాకు పాట వచ్చా అని అడిగితే మా పెద్దమ్మ చెప్పింది. డాక్టరుగారు నొప్పి ఎక్కడ అని అడిగితే మావారు చెబుతారు. ఓటు ఎవరికేశావని పోలింగ్ దగ్గర ఎవరో అడిగితే మా మామగారు చెప్పారు! నేను ఎవర్నీ తప్పుపట్టడం లేదు. నేను చెప్పకపోతే ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఇది చదివి "అమెరికా వాళ్ళని చూసి మనం నేర్చుకోవాలా" అని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కానీ చూడండి, 1848లో అమెరికా పెళ్ళయిన ఆడవాళ్ళ పరిస్థితి మనకంటే గొప్పగా ఏమీ లేదు. ఆడవాళ్ళ ఆస్తి వాళ్ళ పేరున ఉంచుకోనిచ్చే చట్టం న్యూయార్క్ రాష్ట్రంలో వచ్చింది ఆ ఏడాది ఏప్రిల్‌లోనే. ఓటు రావడానికి ఇంకో డెబ్బై రెండేళ్ళు పట్టి, 1920లో వచ్చింది. ఆ సభలో సంతకం పెట్టిన ఆడవాళ్ళలో అప్పటికి బతికున్నది ఒక్కరే. మనకి మాత్రం స్వతంత్ర దేశంలో జరిగిన మొదటి ఎన్నికల్లోనే మగవాళ్ళతో సమానంగా ఓటు వచ్చింది. ఆ రాజ్యాంగాన్ని రాసిన సభలో మన దుర్గాబాయమ్మ కూర్చున్నారు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి గురించి చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఖద్దరు ప్రదర్శన దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని సాక్షాత్తూ నెహ్రూగారినే ఆపేసిన పధ్నాలుగేళ్ళ పిల్ల ఆవిడ. టికెట్ కొని తెచ్చాకే లోపలికి పోనిచ్చింది. అదే దుర్గాబాయమ్మ 1953లో చైనా వెళ్ళారు. అక్కడ కుటుంబ తగాదాలకి విడిగా న్యాయస్థానాలు ఉండడం చూశారు. మొగుడూ పెళ్ళాల గొడవని, మనోవర్తిని, పిల్లల సంగతిని దొంగతనాల కేసుల మధ్య ఏళ్ళ తరబడి నలగనివ్వకుండా, కూర్చోబెట్టి మాట్లాడించే కోర్టులు మనకీ కావాలని తిరిగొచ్చి పెద్ద పెద్ద న్యాయమూర్తులతో, నెహ్రూగారితో మాట్లాడారు. మన దేశంలో ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. 1981లోనే కన్నుమూసిన ఆవిడ దాన్ని చూడలేదు.

చూశారా, ఎలిజబెత్ లండన్ నుంచి ఒకటి తెచ్చుకుంది. దుర్గాబాయమ్మ చైనా నుంచి ఒకటి తెచ్చారు. మనం పరాయి దేశాలు వెళ్ళి చాక్లెట్లు, సెంటు సీసాలు తెచ్చుకుంటాం. అవీ తెచ్చుకోవాలి, కాదనను. నేనూ సూట్‌కేసు నిండా తెచ్చాను. కానీ అక్కడ కంటబడిన మంచిని కూడా తెచ్చుకుంటే బరువు ఎక్కువైందని ఎయిర్‌పోర్టులో ఎవరూ డబ్బు కట్టించుకోరు.

ఇక అసలు విషయం. వచ్చిన వారానికి అన్నయ్య కాగితాలతో మళ్ళీ వచ్చాడు. ఈలోపు నేను ఊరికే కూర్చోలేదు. లాయరుపేటలో తెలిసిన ఒక లాయరమ్మని కలిసి అడిగాను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా పోయిన తండ్రి స్వార్జితంలో భార్యకీ, కొడుక్కీ, కూతురికీ తలా ఒక వాటా. అంటే మా మూడెకరాల్లో ఒక్కొక్కరికి ఒక్కో ఎకరం. పెళ్ళికి కట్నం ఇచ్చినంత మాత్రాన కూతురి వాటా పోదు. పిత్రార్జితమైతే, పెళ్ళి కాని కూతుళ్ళకి సమాన హక్కు ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే చట్టం తెచ్చింది. 2005లో అది దేశమంతా వచ్చింది, పెళ్ళయిన వాళ్ళకి కూడా. ఇంత చదువుకుని నలభై ఏడేళ్ళు వచ్చేదాకా ఈ సంగతులు తెలుసుకోకపోవడానికి సిగ్గుపడ్డాను. అంతకంటే నన్ను కుదిపింది ఇంకొకటి. అన్నయ్య కాగితంలో అమ్మ వాటా కూడా వదులుకున్నట్టు ఉంది. నా వాటా గురించి ఆలోచించానే గాని, అమ్మకొకటి ఉంటుందని నాకు తట్టనే లేదు!

ఆదివారం ఊరెళ్ళాను. వసారాలో కూర్చున్నాం. అన్నయ్య, వదిన, అమ్మ, మావారు, నేను. "అన్నయ్యా, నేను సంతకం పెట్టను" అన్నాను. గొంతు వణికింది. ఎన్నిసార్లు అద్దం ముందు అనుకున్నా వణికింది. నా ఎకరం నా పేరు మీద ఉండాలని, సేద్యం వాడే చేసుకోవాలని, అమ్మ ఉన్నన్నాళ్ళూ నాకు కౌలు పైసా అక్కర్లేదని చెప్పాను. వాడి మొహం మాడిపోయింది. "అమ్మకెందుకు పొలం? అమ్మని నేను చూసుకోవట్లేదా?" అన్నాడు.

నేను వెంటనే, "అమ్మకి ఎందుకంటే..." అని అందుకోబోయాను. అమ్మ తరఫున మంచి జవాబులే నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఒక్కసారిగా ఆ కాలువ గట్టు గుర్తొచ్చింది. నోరు మూసుకుని అమ్మ వైపు తిరిగి, "అమ్మా, నిన్నే అడుగుతున్నారు, చెప్పు" అన్నాను.

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. గోడ మీద నాన్న ఫోటో చూసింది. తర్వాత మెల్లగా అంది, "మిరప కోతకొచ్చిన కూలోళ్ళకి ముప్పై ఏళ్ళు అన్నం వండాను. కల్లంలో కాయ ఆరబోసి రాత్రిళ్ళు కాపలా పడుకున్నాను. ఒక్క కాగితం మీద కూడా నా పేరు లేదురా. ఒక ఎకరం ఉండనీయండి. నేను పోయాక మీరిద్దరూ ఏమైనా చేసుకోండి."

ఎవరికీ మాట రాలేదు. మా వదిన కొంగుతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు, ఆవిడా ఒకింటి ఆడపడుచే, ఆవిడా ఎప్పుడో సంతకం పెట్టే వచ్చింది.

తర్వాత అంతా సుఖాంతం అయిందని చెప్పను. అన్నయ్య రెండు నెలలు ఫోన్ చేయలేదు. దసరాకి పిలవలేదు. ఆ రెండు నెలలూ నేను సరిగ్గా నిద్రపోలేదు. మనకెందుకొచ్చిన గొడవ, ఎకరం కోసం అన్నని పోగొట్టుకుంటానా అని రాత్రుళ్ళు ఏడ్చాను కూడా. ఒకటి రెండుసార్లు సంతకం పెట్టేద్దామనీ అనిపించింది. దీపావళికి వాడే ఫోన్ చేశాడు. ముభావంగానే మాట్లాడాడు గాని మాట్లాడాడు. సంక్రాంతికి వెళ్ళాను. పొలం మూడు పేర్ల మీదకీ మార్చే పని నడుస్తోందని చెప్పాడు. మా మధ్య పాత చనువు ఇంకా పూర్తిగా రాలేదు. వస్తుందనే నమ్మకం ఉంది.

మన భాషలో ఒక చిత్రం గమనించారా? బాగా మాట్లాడే మగవాణ్ణి మాటకారి అంటాం. అదే ఆడదైతే నోరుగలది, గయ్యాళి, గంపగయ్యాళి. ఇన్ని పేర్లు పెట్టుకున్నామంటే మన అమ్మమ్మల కాలంలో కూడా మాట్లాడిన ఆడవాళ్ళు తక్కువేమీ లేరన్నమాట! మా పక్కనే ఉన్న బాపట్లలో కనుపర్తి వరలక్ష్మమ్మగారు ఇల్లు దిద్దుకుంటూనే గృహలక్ష్మి పత్రికలో శారద లేఖలు రాశారు. స్నేహితురాలికి ఉత్తరం రాస్తున్నట్టుగా ఆడవాళ్ళ కష్టసుఖాలన్నీ నిర్మొహమాటంగా చెప్పారు. డిగ్రీలో ఆ పాఠం నేను బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను. ఆవిడ నాతోనే మాట్లాడుతున్నారని అప్పుడు తెలియలేదు. రోసమ్మగారు మా పక్క జిల్లా, వరలక్ష్మమ్మగారు మా పక్క ఊరు. వీళ్ళ మధ్య పుట్టి పెరిగి, నోరు విప్పడం నేర్చుకోవడానికి నేను సప్తసముద్రాలు దాటాల్సి వచ్చింది! ఇంట్లో అందరికీ నేనెవరో ముందే తెలుసు, నేనేం చెబుతానో ముందే తెలుసు. నన్ను కొత్తగా చూసి, నన్నే అడిగి, నేను చెప్పేదాకా ఆగిన మనిషి ఆ పరాయి ఊళ్ళో దొరికింది. బహుశా అందుకే.

మాట్లాడడమంటే అరవడం కాదని ఆవిడ దగ్గర చూశాను. ఎదుటివాణ్ణి ఓడించడం అసలే కాదు. తెలిసిన నిజాన్ని, తెలిసిన గొంతుతో, సమయానికి చెప్పడం. ఇంకొకటి కూడా ఉంది, అది నాకు మరీ కష్టంగా ఉంది. మన పక్కనున్న ఆడమనిషిని అడిగినప్పుడు ఆవిడ బదులు మనం చెప్పకుండా ఉండడం. అత్తగారిని అడిగితే కోడలు, కోడల్ని అడిగితే అత్తగారు, కూతుర్ని అడిగితే తల్లి. మగవాళ్ళే మన నోరు మూయిస్తున్నారనుకుంటాం గాని, ప్రేమతో మనం మూయించే నోళ్ళు కూడా తక్కువేం కాదు.

మా పిన్ని కూతురికి మళ్ళీ ఫోన్ చేశాను. "అవునే, నోరొచ్చింది. నీ పుట్టింటి పొలం కాగితాల మీద సంతకం పెట్టావా?" అని అడిగాను. అటు నుంచి కాసేపు చప్పుడు లేదు. వెనకాల మా మరిదిగారు ఏదో చెబుతున్నారు. "ఆయన ఏమంటున్నారంటే..." అని మొదలుపెట్టింది.

"నేను నిన్ను అడిగానే" అన్నాను.